స్టీలు వాచీ: ఎంపిక, చైను సవరింపు — పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గర పడినందువల్లనో ఏమో, ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా మగవారి స్టీలు వాచీల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగిన చోట, వివరంగా రాసినవారి ఉత్తరాన్ని తీసుకుని జవాబు ఇస్తున్నాము. ధరలు, మోడళ్ళు ఏటేటా మారుతుంటాయి కనుక ఫలానా వాచీ కొనమని చెప్పకుండా, దుకాణంలో నిలబడి మీరే చూసి తేల్చుకోగల విషయాలకే పరిమితమవుతాము.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో. కాబోయే అల్లుడుగారికి చైనుతో ఉన్న మంచి స్టీలు వాచీ పెట్టాలని మా ఇంటావిడ కోరిక. పదిహేను వేల దాకా పెట్టగలము. అబ్బాయి చెయ్యి సన్నం. దుకాణంలో చూపించినవన్నీ నా కంటికి పళ్ళాల్లా కనిపించాయి. ఏ సైజు, ఏ స్టీలు, ఏ అద్దం చూసి కొనాలి?
— ఒక ఆడపిల్ల తండ్రి, కాకినాడ

జవాబు: మీ కంటి తప్పేమీ లేదు. బెంగళూరులోని హెచ్‌ఎంటీ కర్మాగారం జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టిన తరువాత, సైకిలు, రేడియోలతో పాటు వాచీ కూడా మన పెళ్ళికొడుకుల కోరికల జాబితాలోకి చేరింది. ఆనాటి వాచీల కేసు వెడల్పు 35 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండేది. ఇప్పుడు అద్దాల బీరువాల్లో 42, 44 మిల్లీమీటర్లవి వరసగా పేర్చి ఉంటాయి. ఆ పాత కొలతకు అలవాటు పడిన కంటికి ఇవి పళ్ళాల్లా కనిపించడం సహజం.

అయితే ఈ వెడల్పు ఒక్కదాన్నే చూసి తీర్మానించుకోకండి. చైను తగులుకోవడానికి కేసుకు పైనా కిందా పొడుచుకు వచ్చిన నాలుగు కొమ్ములు ఉంటాయి కదా, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఉన్న పొడవే అసలు కొలత. మణికట్టు మీద చదునుగా ఉండే భాగాన్ని స్కేలుతో కొలిస్తే, సన్నని చేతికి అది దాదాపు 50 మిల్లీమీటర్లు వస్తుంది. కొమ్ముల పొడవు దానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఉంటే వాచీ చేతి మీద కుదురుగా కూర్చుంటుంది. దాన్ని మించితే కొమ్ములు గాలిలో తేలి, చైను పక్కల నుంచి నేరుగా కిందికి వేలాడి, వాచీ ఎరువు తెచ్చుకున్నదానిలా కనిపిస్తుంది. కొమ్ములు పొట్టిగా కిందికి వంగి ఉన్న 41 మిల్లీమీటర్ల వాచీ, కొమ్ములు పొడుగ్గా చాచుకున్న 39 మిల్లీమీటర్ల వాచీ కన్నా సన్నని చేతికి బాగా నప్పిన సందర్భాలు ఎన్నో చూశాను. మొత్తం మీద 36 నుంచి 40 మధ్య వెతకడం మొదలుపెట్టండి. మందం కూడా అడగండి. అబ్బాయి ఆఫీసుకు పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడైతే, 10 మిల్లీమీటర్ల లోపు ఉన్నదే కఫు కిందికి సులువుగా దూరుతుంది.

స్టీలు విషయానికి వస్తే, వాచీలకు ఎక్కువగా వాడేది 316ఎల్ రకం. మన వంటింట్లోని మంచి గిన్నెలకు వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316ఎల్‌లో వీటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుపుతారు. ఉప్పు తగిలినచోట స్టీలు మీద సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడకుండా కాపాడేది అదే. సముద్రపు గాలి, చెమట రెండూ ఉన్న మీ ఊరిలో ఈ తేడాకు విలువ ఉంది. ఇక్కడ ఒక మెలిక గమనించాలి. వెనక మూత మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే, ఆ మూత ఒక్కటే స్టీలని అర్థం; ముందు కేసు ఇత్తడిలాంటి మామూలు లోహం మీద క్రోమియం పూత పూసినది కావచ్చు, అయిదారేళ్ళలో అంచుల దగ్గర పసుపు రంగు తేలుతుంది. కేసు, చైను కూడా పూర్తిగా స్టీలువేనని రసీదు మీద రాయించుకోవడం మంచిది. కొందరు స్టీలును పరీక్షించాలని జేబులోంచి అయస్కాంతం తీస్తారు. మిషను వాచీ, అంటే సెల్లు లేకుండా స్ప్రింగుతో నడిచే వాచీ దగ్గర ఆ పని ఎంతమాత్రం చేయవద్దు. ఎందుకు చేయకూడదో కింద మరో ప్రశ్నకు జవాబులో చెబుతాను.

అద్దాల్లో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. మినరల్ అద్దం చవక, దెబ్బకు కొంత ఓర్చుకుంటుంది, కాని గీతలు పడుతుంది. కాఠిన్యాన్ని ఒకటి నుంచి పది దాకా లెక్కగట్టే మో కొలమానం మీద సఫైర్ అద్దం కాఠిన్యం 9. మన గాలిలో తిరిగే ధూళిలోని సన్నని ఇసుక కాఠిన్యం 7, మామూలు అద్దానిది అంతకన్నా తక్కువ. బీరువా తలుపుకో గోడకో తగలకపోయినా, చొక్కా అంచుతో తుడిచినంత మాత్రానే మినరల్ అద్దం మీద సన్నని గీతలు పడటానికి కారణం ఈ ఇసుకే. మీరు చెప్పిన సొమ్ములో సఫైర్ అద్దం ఉన్న వాచీలు దొరుకుతాయి కనుక దాన్నే అడగండి.

చైనును చేతిలోకి తీసుకుని చూడందే వాచీ కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. రేకును మడిచి చేసిన లింకులు బోలుగా ఉంటాయి. చైను ఊపితే గలగలమంటాయి, పక్క నుంచి చూస్తే మడత కనిపిస్తుంది. గట్టి లింకులు బరువుగా, చప్పుడు లేకుండా జారుతాయి. డయలు ఎంత అందంగా ఉన్నా బోలు చైను వాచీని పెళ్ళికి పెట్టకండి. కొమ్ముల మధ్య వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటిగా ఉన్నదాన్ని ఎంచుకుంటే రేపు వేరే చైనో తోలు బెల్టో మార్చుకోవడం సులభం; 19, 21 కొలతలకు సరిపడేవి చిన్న ఊళ్ళలో దొరకడం కష్టం.

అబ్బాయికి తెలియకుండా కొనాలంటే, వియ్యపురాలితో మాట కలిపి, ఆయన రోజూ పెట్టుకునే వాచీని లాకు వేసి బల్ల మీద గుండ్రంగా నిలబెట్టి, లోపలి చుట్టుకొలత టేపుతో తీయించండి. మణికట్టు చుట్టుకొలత మీకు దాదాపుగా తెలిసిపోతుంది. చైను మాత్రం ముందే కత్తిరించవద్దు. పెళ్ళయ్యాక ఆయన చేతికి సరిచేసి ఇస్తామని దుకాణం వారి చేత ఒప్పించుకోండి.

ప్రశ్న: మావాడు అమెరికా నుంచి నాకు స్టీలు చైను వాచీ తెచ్చాడు. చైను వదులై మోచేతి దాకా జారుతోంది. మా ఊరి నుంచి వాచీల దుకాణానికి ముప్పై కిలోమీటర్లు వెళ్ళాలి. లింకులు ఇంట్లోనే తీసుకోవచ్చా? ఎన్ని తీయాలి? బిగుతు ఎంత ఉండాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: తీసుకోవచ్చు, మాస్టారూ. ఓపిక ఉంటే అరగంట పని. అయితే చైను లోపలి వైపు చూసి మీది ఏ రకమో తేల్చుకోనిదే సుత్తి ముట్టుకోవద్దు.

లాకుకు దగ్గరగా ఉన్న కొన్ని లింకుల వెనక చిన్న బాణం గుర్తులు ఉంటాయి. బాణం ఉన్న లింకులే ఊడివస్తాయి, మిగతావి రావు. ఆ బాణం ఎటు చూపిస్తే అటే పిన్నును నెట్టాలి. తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా పెట్టాలి. ఈ పిన్నుల్లో ఒక కొస చీలి ఉండే రకం ఎక్కువ. చీలిన కొస లింకు రంధ్రంలో ఇరుక్కుని పట్టు ఇస్తుంది కనుక, తిరిగి పెట్టేటప్పుడు చీలిక లేని కొసను ముందుగా దూర్చాలి. రెండవ రకంలో నునుపైన పిన్నుతో పాటు, మధ్య లింకులో ఆవగింజంత గొట్టం ఒకటి ఉంటుంది. పిన్ను దానిలోంచి బిగుతుగా వెళ్ళి ఆగుతుంది. సీకో, సిటిజన్ చైనుల్లో ఈ రకం తరచుగా కనిపిస్తుంది. పిన్ను బయటికి రాగానే ఆ గొట్టం చప్పుడు లేకుండా జారి పడిపోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో అలా పోగొట్టిన ఒక గొట్టం కోసం చీపురు, టార్చిలైటు పట్టుకుని ఒక పూటంతా వెతికాను. అది లేకుండా పిన్ను పెడితే లింకు పైకి బిగిసినట్టే ఉంటుంది, పది రోజుల తరువాత బస్సు కమ్మీ పట్టుకున్నప్పుడు వాచీ రోడ్డు మీద పడుతుంది. మూడవ రకానికి పక్కన స్క్రూ గాడి కనిపిస్తుంది. దానికి గాడిలో సరిగ్గా కూర్చునే సన్నని స్క్రూడ్రైవరు కావాలి. కళ్ళద్దాల స్క్రూలు తిప్పే సెట్టులో దొరికితే సరే, లేకపోతే గాడి చెరిపే బదులు ఆ ముప్పై కిలోమీటర్లు వెళ్ళి రావడమే మేలు.

ఎన్ని తీయాలన్నది ఇలా లెక్క వేయండి. వాచీ పెట్టుకుని, లాకు దగ్గర మిగిలిన చైనును రెండు వేళ్ళతో మడిచి పట్టి, సరిపోయిందనిపించినప్పుడు మడతలో ఎన్ని లింకులు పడ్డాయో చూడండి. నాలుగు వస్తే పన్నెండు అంకె వైపు రెండు, ఆరు అంకె వైపు రెండు తీయాలి. మూడు వస్తే ఎక్కువ భాగం వాచీలలో ఆరు వైపే రెండు తీయడం బాగుంటుంది. ఆ వైపు కాస్త పొట్టిగా ఉంటే లాకు మణికట్టు అడుగున మధ్యగా నిలుస్తుంది. మనలో చాలామంది రెండు వైపులా లెక్క చూడకుండా ఒక పక్కనే తీసేస్తారు, ఆ తరువాత డయలు ఎప్పుడూ పక్కకు వాలిపోతోందని వాచీని తిట్టుకుంటారు.

పనికి దిగే ముందు నేల మీద దుప్పటి పరిచి, దాని మీద తెల్లని బట్ట వేసుకుని కూర్చోండి. పడిన పిన్ను కనిపిస్తుంది, దూరం దొర్లదు. చైనును ఒక చెక్కముక్క గాడిలో నిలబెట్టి, ఒక మిల్లీమీటరు కన్నా సన్నని మొద్దు మేకుతోనో, వాచీ పిన్నుల కోసమే అమ్మే చిన్న పరికరంతోనో మెల్లగా తట్టండి. గుండుసూది వంగిపోతుంది, దానితో ప్రయత్నించవద్దు. పిన్ను సగం బయటికి వచ్చాక పట్టకారుతో లాగితే చాలు. తిరిగి పెట్టాక వేలితో పక్కలు తడిమితే పిన్ను కొస ఎక్కడా తగలకూడదు.

లింకు తీస్తే బిగుతు, తీయకపోతే వదులు అనిపిస్తే లాకు పక్కన చూడండి. మడత లాకు అంచున వరసగా మూడు నాలుగు చిన్న రంధ్రాలు ఉంటాయి. చైనును పట్టి ఉంచిన స్ప్రింగు పిన్నును సూదిమొనతో నొక్కి పక్క రంధ్రంలోకి మారిస్తే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఆ పిన్ను మాత్రం కంటికి ఎగిరివచ్చే ఘటం. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు అడ్డం ఉంచి చేయండి. సీతాకోకచిలుక రెక్కల్లా రెండు వైపులా తెరుచుకునే లాకుకు ఈ రంధ్రాలు ఉండవు. దానికి అర లింకు దొరుకుతుందేమో అడగాలి. అందుకే చేతికి కచ్చితంగా కుదరాలని పట్టింపు ఉన్నవారికి నేను మడత లాకునే సూచిస్తాను.

బిగుతు ఎంతంటే, లాకు వేశాక చైనుకూ చేతికీ మధ్య చిటికెన వేలు ఇబ్బంది లేకుండా దూరాలి, ఉంగరపు వేలు దూరకూడదు. చిటికెన వేలి వైపు మణికట్టు దగ్గర పొడుచుకు వచ్చిన ఎముక ఉంటుంది కదా, వాచీ దానికి మోచేతి వైపున నిలిచి, చేయి దించినప్పుడు ఆ ఎముక దాటి అరచేతి మీదికి రాకుండా ఉండాలి. ఇంకొక సంగతి: ఖమ్మం ఎండల్లో మే నెల సాయంత్రం కొలిచిన చేయి, జనవరి ఉదయం కొలిచిన చేయి ఒకటి కావు. వేడికి చేయి ఉబ్బుతుంది. వేసవి సాయంత్రం హాయిగా ఉండేట్టు లింకులు తీసి, చలికాలానికి లాకు దగ్గరి రంధ్రం ఒకటి లోపలికి మార్చుకోండి. తీసిన లింకులనూ పిన్నులనూ మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో వేసి, వాచీ రసీదు ఉన్నచోటే దాచండి. అవే లింకులు మళ్ళీ కొనాలంటే దొరకడం ఎంత కష్టమో, బరువు పెరిగినవారిని అడిగితే చెబుతారు.

ప్రశ్న: నేను మొదటి జీతంతో ఆటోమేటిక్ వాచీ కొన్నాను. రోజుకు 12 సెకన్లు ముందుకు పోతోంది. సోమవారం ఉదయం చూస్తే ఆగిపోయి ఉంటోంది. దుకాణం వారు అది మామూలేనంటున్నారు. మా నాన్నగారి వెయ్యి రూపాయల సెల్లు వాచీ నెలకు కూడా అంత తప్పడం లేదు. నన్ను మోసం చేశారా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: మోసం ఏమీ జరగలేదు. ఆ రెండు వాచీలూ వేర్వేరు జాతులవి. నాన్నగారి వాచీలో సెల్లు ఇచ్చే విద్యుత్తుతో ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, ఆ ఒక్క అదురుకు సెకన్ల ముల్లు ఒక అడుగు వేస్తుంది. మామూలు సెల్లు వాచీ నెలకు 15 సెకన్లు అటూ ఇటూ నడిస్తే సరిగా నడుస్తున్నట్టే. 1969 డిసెంబరు 25న జపానులో సీకో సంస్థ ఆస్ట్రన్ పేరుతో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు అది మిషను వాచీల కన్నా ఎంతో ఖరీదు. ఆ తరువాత అది చవకై, మిషను వాచీల కర్మాగారాలను ఎన్నిటినో మూయించింది.

మీ వాచీలో సెల్లు లేదు. చేయి కదిలినప్పుడల్లా లోపలి అర్ధచంద్రాకారపు బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. ఆ బిగువుతో తుల చక్రం, దానికి ఉన్న వెంట్రుక లాంటి సన్నని స్ప్రింగుతో కలిసి, అటూ ఇటూ ఊగుతుంది. అందుబాటు ధరలోని వాచీలు ఎక్కువగా గంటకు 21,600 కొట్లు కొడతాయి, అంటే రోజుకు 5,18,400. రోజుకు ఉన్న 86,400 సెకన్లలో 12 తప్పడమంటే పదివేలకు ఒకటిన్నర పాలు కూడా కాదు. ఆ ధరలో దొరికే జపాను మిషన్లకు తయారీదారులే రోజుకు 20 సెకన్లు వెనక్కు, 40 సెకన్లు ముందుకు దాకా తేడా ఉండవచ్చని చెబుతారు. స్విట్జర్లాండులో కచ్చితత్వ పరీక్ష నెగ్గి క్రోనోమీటరు ధ్రువపత్రం పొందిన ఖరీదైన మిషనుకు కూడా సగటున 4 సెకన్లు వెనక్కు, 6 సెకన్లు ముందుకు అనే వెసులుబాటు ఉంది. కనుక మీ దుకాణం వారు నిజమే చెప్పారు.

సోమవారం ఆగిపోవడానికి కారణం మీరు శని, ఆదివారాలు దాన్ని బల్ల మీద పెట్టడమే. ఈ రకం మిషను నిండుగా చుట్టుకుని ఉంటే దాదాపు 40 గంటలు నడుస్తుంది, శుక్రవారం రాత్రి తీస్తే ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంటి నుంచే పని చేస్తూ రోజంతా కీబోర్డు ముందు కూర్చునే చేయి స్ప్రింగును నిండా చుట్టదు కూడా. మీ వాచీకి చేత్తో కీ ఇచ్చే సౌకర్యం ఉంటే (కొన్నిటికి ఉండదు), ఉదయం ఇరవై ముప్పై చుట్లు తిప్పి పెట్టుకోండి.

ముందుకు పోవడాన్ని కొంత వరకు మీరే సవరించవచ్చు. రాత్రి వాచీని డయలు పైకి ఉండేట్టు పడుకోబెడితే ఒక వేగం, కీ పైకి వచ్చేట్టు పక్కకు నిలబెడితే మరొక వేగం ఉంటాయి. ఒక్కొక్క భంగిమలో మూడు రాత్రులు ఉంచి, ఫోనులోని గడియారంతో పోల్చి కాగితం మీద రాసుకోండి. పగలు ముందుకు పోయిన సెకన్లను రాత్రి వెనక్కు తెచ్చే భంగిమ ఒకటి తరచుగా దొరుకుతుంది. దానితో తృప్తి కలగకపోతే, మెకానిక్కు మూత తీసి వేగం సరిచేయగలడు. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెత్తడం మొదలుపెడితే మాత్రం అది వేరే జబ్బు, అయస్కాంతం పట్టిందన్న మాట. ఆ సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని, దాని పొడవు తగ్గినట్టయి, చక్రం వేగంగా ఊగుతుంది. ల్యాప్‌టాప్ మూత, ఫోను స్పీకరు, సంచి గుండీలోని అయస్కాంతం వంటివాటి పక్కనే వాచీ పెట్టే అలవాటు మానండి. పట్టిన అయస్కాంతాన్ని విడిపించే పరికరం మెకానిక్కు దగ్గర ఉంటుంది, అది నిమిషం పని.

ప్రశ్న: నా వాచీ వెనక ‘వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు’ అని ఉంది. కార్తీక స్నానానికి గోదావరిలో మూడు మునకలు వేశాను. ఇంటికి వచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది. గోదావరి ఆ రేవులో 30 మీటర్ల లోతు లేదు కదా?
— ఒక వ్యాపారి, రాజమహేంద్రవరం

జవాబు: మీ తర్కం సరైనదే, ఆ రాతే తప్పుదారి పట్టిస్తుంది. ఆ 30 మీటర్లు మీరు దిగగల లోతు కాదు. కొత్త వాచీని కదలకుండా ఉంచి, అంత నీటి లోతుకు సమానమైన ఒత్తిడి, అంటే 3 బార్లు, పెట్టి పరీక్షించారని దాని భావం. చేయి నీటిని కొట్టినప్పుడు, పంపు ధార నేరుగా తగిలినప్పుడు పడే ఒత్తిడి వేరు. పైగా మూత కిందా కీ దగ్గరా నీటిని ఆపేవి సన్నని రబ్బరు రింగులే. చెమటకు, వేడికి అవి మూడు నాలుగేళ్ళలో గట్టిపడతాయి. 30 మీటర్లున్న వాచీతో చేతులు కడుక్కోండి, వానలో తడవండి, అంతవరకే. ఈతకు 100 మీటర్లు ఉన్నది, వీలైతే కీ స్క్రూలా తిప్పితే బిగుసుకునేది కావాలి. వేడినీటి స్నానానికి ఏ వాచీ అయినా తీసేయడమే నయం.

ఇప్పుడు మీరు చేయవలసింది తొందరపడటం. బియ్యంలో పాతిపెట్టడం, ఎండలో ఆరబెట్టడం వల్ల ఆవిరి కంటికి కనబడకుండా పోతుందే తప్ప తేమ లోపలే ఉండి పళ్ళచక్రాల ఇరుసులకు తుప్పు పట్టిస్తుంది. ఈ ఉత్తరం అచ్చయ్యే లోపే మీకు విడిగా జవాబు రాశాము. చదివే మిగతావారి కోసం మళ్ళీ చెబుతున్నాను, ఆవిరి కనిపించిన రోజే మెకానిక్కు దగ్గర మూత తీయించి, ఆరబెట్టించి, రబ్బరు రింగు మార్పించాలి.

ప్రశ్న: స్టీలు చైను కింద చర్మం ఎర్రబడి దురద పెడుతోంది. స్టీలు పడనివారు ఉంటారా?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: స్టీలులోని నికెల్ కొందరికి పడదు. అయితే 316ఎల్ స్టీలు నికెల్‌ను తనలోనే పట్టి ఉంచుకుని చర్మం మీదికి అతి తక్కువగా వదులుతుంది కనుక, మంచి స్టీలు వాచీ పెట్టుకున్నవారిలో దురదకు ఎక్కువసార్లు కారణం లింకుల సందుల్లో చేరిన చెమట, సబ్బు, మట్టి. వాచీకి నీటిని ఆపే గుణం ఉంటే వాచీతో సహా, లేకపోతే చైను మాత్రం విడదీసి, గోరువెచ్చని సబ్బునీటిలో పాత మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నల్లని మురికి ఎంత దిగుతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ మురికి చర్మానికే కాదు, చైనుకూ శత్రువే. సందుల్లో ఆకురాయిలా పిన్నులను అరగదీసి చైనును సాగదీస్తుంది. శుభ్రం చేసి, చైను ఒక రంధ్రం వదులు చేసినా రెండు వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి. నికెల్ పడదని వారు తేలిస్తే టైటానియం వాచీకి మారండి.

ప్రశ్న: మా తాతగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ నాకు వచ్చింది. కీ ఇస్తే నడుస్తోంది. అద్దం మసకబారింది, డయలు మీద మచ్చలున్నాయి. డయలుకు కొత్త రంగు వేసి, మెరిసే స్టీలు చైను వేసి ఇస్తామని ఒక దుకాణం వారు అన్నారు. చేయించమంటారా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అద్దం చేయించండి, సర్వీసు చేయించండి, డయలు ముట్టుకోనివ్వకండి. ఆ వాచీలో 17 రాళ్ళ (ఇరుసులు అరగకుండా వాటి కింద అమర్చేవి) మిషను ఉంటుంది, గంటకు 18,000 కొట్లు. కడిగి నూనె వేస్తే ఇంకో తరం నడుస్తుంది. అద్దం ప్లాస్టిక్ జాతిది కనుక సానపట్టే పేస్టుతో మెత్తని బట్ట పెట్టి రుద్దితే మసక పోతుంది, లేదా తక్కువ ఖర్చుతో కొత్తది వేస్తారు. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపింది, అసలు డయలు ఇక రాదు. రంగులు పూసి కొత్తవిగా అమ్ముతున్న హెచ్‌ఎంటీలు బజారులో కొల్లలు. మచ్చలున్న మీ తాతగారి డయలు వాటిలో కలవకుండా ఉండటమే నాకు ముచ్చట.

చైను గురించి ఒక మాట. జనతా కేసు సన్ననిది, బరువైన స్టీలు చైను వేస్తే డయలు తేలిపోయి చైను చేతిని ఏలుతుంది, కొమ్ములకున్న సన్నని పిన్నుల మీద బరువు పడుతుంది. కేసు పైపూత మీద చైను కొసలు రాసుకుని గీతలు కూడా పడతాయి. కొమ్ముల మధ్య వెడల్పు కొలిచి, దానికి సరిపడే సాదా తోలు బెల్టు వేసుకోండి. ఉదయం ఒకే వేళకు కీ ఇవ్వండి, బిగువు తగిలినచోట ఆపండి.

ప్రశ్న: రాత్రి పదకొండు గంటలకు తేదీ మార్చాను. అప్పటి నుంచి తేదీ రెండంకెల మధ్య ఇరుక్కుంది.
— ఒక గృహస్థు, నిజామాబాదు

జవాబు: చాలా వాచీలలో రాత్రి 9 గంటల నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య తేదీ మార్చే పళ్ళచక్రం తేదీ పళ్ళెంలో పన్ను పెట్టి ఉంటుంది. ఆ వేళలో కీతో తేదీ తిప్పితే ఆ పన్ను వంగవచ్చు, విరగవచ్చు. ముందు ముళ్ళను తిప్పి ఉదయం ఆరు దగ్గరకు తెచ్చి, అప్పుడు తేదీ మెల్లగా మార్చి చూడండి. కదలకపోతే బలవంతం చేయకుండా మెకానిక్కుకు ఇవ్వండి.

ప్రశ్న: నా సెల్లు వాచీలో సెకన్ల ముల్లు రెండు సెకన్లకు ఒకసారి గెంతుతోంది, టైము మాత్రం సరిగానే చూపిస్తోంది. పాడైందా?
— ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: పాడు కాలేదు. సెల్లు అయిపోవస్తోందని వాచీయే మీకు చెబుతోంది. ఈ ఏర్పాటు కొన్ని మోడళ్ళలో తయారీలోనే పెడతారు. వారం రోజుల్లో సెల్లు మార్పించండి. పాత సెల్లు మీద ఉన్న నంబరునే కొత్త దాని మీద చూసుకోండి, మూత బిగించే ముందు రబ్బరు రింగు గాడిలో కూర్చుందో లేదో అడగండి. పొలం పనుల రోజుల్లో వాచీ పక్కన పెట్టేయదలచుకుంటే, అయిపోయిన సెల్లును లోపల వదిలేయకుండా తీయించి పెట్టండి. అది కారితే ఆ రసం మిషనును తినేస్తుంది.